ఆకు ఊపే గది బయట

1926 ఏప్రిల్ 27

ఇందులో కొత్త క్యాలెండరు తేదీలే వేస్తాను. పెదనాన్న తిథులు చెప్తాడు, మా గుంపు మేస్త్రీ కూడా తిథులే చెప్తాడు, కొండ మీద అందరిదీ అదే లెక్క. నేను ఈ కాగితాల మీదైనా కొత్త లోకంలో ఉంటాను.

కనుమ దాటి ఫుజియన్ వైపు దిగాం. మా జియాంగ్‌షీ వాళ్ళం ఏటా వసంతంలో ఇలా గుంపుగా వస్తాం, వుయీ కొండల్లో ఎవడి తోటలోనో ఎవడి కోసమో టీ చేస్తాం, ఎండలు ముదిరాక ఇంటికి పోతాం. ఆ టీ ఓడలెక్కి దక్షిణాదికి పోతుంది. మేం ఏరి పారేసిన కాడలూ, పసుపు రేకులని పిలిచే పండుటాకు తుక్కూ కాచుకుని తాగుతాం. ఈ సంగతి హెకోవ్ రేవులో పడవవాడిచ్చిన కూలీల సంఘం కరపత్రంలో ఉన్నట్టే రాశాను గాని, కరపత్రం చదవకముందే నాకు తెలుసు.

కనుమ ఎక్కుతుంటే పెదనాన్న ఐదారుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ చెప్పులో రాయి పడిందన్నాడు. రాయి పడితే మనిషి చెప్పు విప్పుతాడు. ఆయన రొమ్ము పట్టుకున్నాడు.

నాన్న పోయాక నన్ను పెంచింది ఈయనే. పెద్దమ్మ బయల్దేరేటప్పుడు నా చేతిలో అల్లం మురబ్బా పెట్టి, "దగ్గొస్తే ఇయ్యి. రాత్రిళ్ళు కాస్త పడుకోబెట్టరా" అంది. ఆకు ఊపే గదికి పెద్ద ఆయన. టీ చేసే రోజుల్లో ఆయన్ని రాత్రి పడుకోబెట్టడం అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. ఎప్పుడూ చూడలేదుగా.

మే 3

కొండ తెరిచారు, అంటే ఈ ఏటి కోత మొదలైంది. చీకటితో లేచి, ఈ కొండల్లో మొట్టమొదట టీ తోట వేసిన తాత గారి బొమ్మకి మొక్కి, నిలబడే అన్నం తిని, మేస్త్రీ లియావ్ వెనకాల వరసగా బయల్దేరాం. నోరు విప్పకూడదు, వెనక్కి చూడకూడదు. మంచు ఆరి, మేస్త్రీ తలా కాస్త పొగాకు పంచేదాకా అంతే. మాట్లాడితే కొండకి కోపం వస్తుందట. కొండకి కోపం, తోట షావుకారుకి లాభం. అందరి నోళ్ళూ కట్టేసి నడిపించుకుపోవడానికి ఎంత చక్కటి ఏర్పాటు.

నేను మాట్లాడాను. కావాలనే మాట్లాడాను. మూఢనమ్మకాన్ని ఎవడో ఒకడు ముందుగా విరగ్గొట్టాలి.

మేస్త్రీ తిరిగి చూడలేదు, తిరిగి చూడకూడదు కాబట్టి. పొగాకు పంచేటప్పుడు నా చేతిలో పెట్టలేదు. పెదనాన్న తన వాటాలో సగం తుంచి ఇచ్చాడు.

నేనన్న మాట ఏమిటో కూడా రాయాలి కదా. రాళ్ళమెట్ల దగ్గర ఆయన దగ్గుతూ గోడ పట్టుకున్నాడు. "కూర్చో పెదనాన్నా" అన్నాను. అంతే.

మే 5

వాన. కోత లేదు. కరపత్రం మళ్ళీ చదివాను. గువాన్‌ఫూ పక్కన కూర్చుని నా వేలు ఎక్కడుందో చూస్తూ, "ఎంతవరకూ వచ్చింది పంతులూ, షావుకారు చచ్చాడా ఇంకా లేదా?" అన్నాడు. బాణలి దగ్గర పనిచేస్తాడు, చేతులకి వెంట్రుక ఒక్కటి ఉండదు, అన్నీ కాలిపోయాయి. వాడితో కోపంగా ఉండటం కష్టం.

మే 7

ఎండ వచ్చింది. మధ్యాహ్నం కోసిన ఆకు వెదురు తట్టల మీద ఎండలో పరిచాం. ముదురాకు, చిగురు కాదు. అది కొంచెం వాడి, మెడ వాల్చిందంటే లోపలికి. లోపల గాలి రాకుండా తలుపులు బిగించిన గది, గోడ పొడుగునా తట్టలు పెట్టే గూళ్ళు, మధ్యలో బొగ్గుల కుంపటి. అక్కడి నుంచి తెల్లారేదాకా అది పెదనాన్న రాజ్యం. నేనూ ఇంకో ముగ్గురం ఆయన చేతులం.

తట్ట రెండు చేతులా పట్టి మణికట్టుతో తిప్పాలి. ఆకు గుండ్రంగా తిరుగుతూ లేచి పడుతూ ఒకదానికొకటి రాసుకోవాలి. తరవాత గూట్లో పెట్టి విశ్రాంతి. మళ్ళీ ఊపడం, ఈసారి ఇంకాస్త ఎక్కువ. మళ్ళీ విశ్రాంతి, ఇంకాస్త ఎక్కువ. ఆకు అంచు ఎర్రబడాలి, నడుమ పచ్చగా ఉండాలి. ఆకుకి ఉన్న విశ్రాంతి ఊపేవాడికి లేదు. ఈ వాక్యం నాదే, కరపత్రంలోది కాదు.

మధ్యలో ఆయన నన్ను పిలిచి తట్ట నా ముక్కు కింద పెట్టాడు.

"ఏమొస్తోంది?"

"గడ్డి."

"అదే. పచ్చిగా ఉంది, నీలాగా."

రెండో ఝామున మళ్ళీ పిలిచాడు. పువ్వు వాసన. ఏ పువ్వో చెప్పలేకపోయాను. ఆయన నవ్వి దగ్గాడు, దగ్గుతూ మొహం తట్ట మీంచి పక్కకి తిప్పేసుకున్నాడు. మనిషి మీద కాదు, ఆకు మీద పడుతుందేమోనని.

తెల్లవారుఝామున పండు వాసన తిరిగింది. "ఆకు వచ్చింది" అని ఆయన తలుపు సందులోంచి కేకేశాడు. ఆ కేక కోసం బాణలి దగ్గర గువాన్‌ఫూ వాళ్ళు కాచుకుని ఉంటారు. ఇనుము ఎర్రగా కాలి ఉండాలి. ఆ క్షణాన పడితే టీ, ఆలస్యమైతే కుళ్ళు. బాణలిలో వేయించి, చాప మీద నలిపి, మళ్ళీ వేయించి, మళ్ళీ నలిపి, బొగ్గుల మీద గంపల్లో ఆరబెట్టి, అప్పుడు వదిలారు. నా మణికట్లు వాచాయి. ఆయన ఈ పని నేను పుట్టకముందు నుంచీ చేస్తున్నాడు.

మే 9

గుమాస్తా హోంగ్ దగ్గరికి వెళ్ళాం, మేస్త్రీ, నేను. షావుకారు తరఫున ఇక్కడ అంతా ఆయనే. దక్షిణాది మనిషి. మెత్తగా మాట్లాడతాడు, అదే నాకు గిట్టదు.

పైగదిలో చిన్న కుంపటి, గుప్పెట్లో పట్టేంత కూజా, మూడు గిన్నెలు. గిన్నె అంటే కోడిగుడ్డు పెంకు సగం. కూజా నిండా ఆకు కూరాడు, మరిగే నీళ్ళు ఎత్తుగా పోశాడు, మొదటి నీళ్ళు గిన్నెల మీద పారబోశాడు, రెండోసారివి మూడు గిన్నెల మీద చెయ్యి తిప్పుతూ ఒక్కో చుక్కా సమానంగా పంచాడు. మూత ఎత్తి వాసన చూసి నాకు అందించాడు. నేను తీసుకోలేదు. గిన్నె ఎత్తి ఒక్క గుటకలో మింగాను. నాలుక కాలింది. పైకి తెలియనివ్వలేదు.

మేస్త్రీ పెదనాన్న గురించి చెప్పాడు: దేమావ్‌కి ఒంట్లో బాగాలేదు, ఒక రాత్రి ఆయన, ఒక రాత్రి ఇంకొకరు ఊపే గది చూసేలా ఒప్పుకోండి, జబ్బు చేసిన ఎవరికైనా రాత్రిపని తప్పించండి అని. హోంగ్ అంతా విని, ఒకే లోయ ఆకు రెండు ముక్కుల చేతిలో పడితే ఈ గంప ఒకలా ఆ గంప ఒకలా వస్తుంది, కొనేవాళ్ళు పట్టేస్తారు అన్నాడు. దేమావ్ కావాలంటే ఇంటికి వెళ్ళొచ్చు, నేను కాదనను. అప్పుడు వచ్చే ఏడు వేరే గుంపుని పిలుచుకుంటాను అన్నాడు. అంటూనే మేస్త్రీ గిన్నె మళ్ళీ నింపాడు.

"మనిషి ఊపిరి కంటే ఈ వాసన ఎక్కువా మీకు?" అన్నాను.

"తమ్ముడూ, నువ్వు వాసన చూడలేదుగా" అన్నాడు.

మెట్లు దిగుతుంటే మేస్త్రీ నా వీపు మీద ఒకటి ఇచ్చాడు. ఎందుకో చెప్పలేదు.

మే 10

పెదనాన్న చొక్కా ఉతికాను. వాగు నీళ్ళు ఎర్రగా పోయాయి. చేతిగుడ్డ కూడా అంతే.

మే 12

దొరికింది. కరపత్రంలో చెయ్యి దించి పని ఆపెయ్యమని ఉంది గాని ఎప్పుడు ఆపాలో లేదు. మా పనిలో అది ఎప్పుడో నాకు తెలుసు. కోతరోజు ఆపితే లాభం లేదు, ఆకు చెట్టు మీద ఉంటుంది, వాళ్ళు రేపు కోయిస్తారు. ఆకు ఎండ తిని గదిలోకి వచ్చాక ఆపాలి. అప్పుడిక ఆకు ఆగదు. తెల్లారేసరికి మొత్తం మగ్గి పాడైపోతుంది. హోంగ్ తెల్లారేలోగా దిగి రావాలి.

అందులోనూ మామూలు ఆకు కాకూడదు. ఉత్తరపు గాలి వీచి ఆకాశం కడిగినట్టున్న రోజు ఆకు, లోయ అడుగున రాతిసందులో చెట్లది. దాని కోసం హోంగ్ ఏడాదంతా ఎదురుచూస్తాడు.

మేస్త్రీకి చెప్పాను. దేమావ్ కోసమైతే సరే, నీ కాగితం కోసమైతే కాదు అన్నాడు. ఆయన కోసమే అన్నాను. అందరూ సరేనన్నారు. గువాన్‌ఫూ అయితే, నా బాణలికి కూడా ఒకరాత్రి చల్లబడాలని ఉంటుంది పాపం అన్నాడు.

పెదనాన్నకి నేనే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కుంపట్లో బూడిద సర్దుతూ విన్నాడు.

"మానండి. వద్దన్నానా."

"నువ్వూ మానాలి. నీ కోసమేగా."

"నాకు చెప్పావుగా, విన్నానుగా" అన్నాడు.

ఒప్పుకున్నట్టే.

మే 14

ఉత్తరపు గాలి. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఇవాళే.

మే 15, సాయంత్రం

నిన్నటిది వరసగా రాస్తాను. మనసు కుదుటపడుతుంది.

ఆకు ఎండలోంచి లోపలికి చేరింది. పెదనాన్న ఒక గుప్పెడు తీసి మొహానికి ఆనించుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. ఇలాంటి ఆకు మళ్ళీ దొరకదు అన్నాడు, మాలో ఎవరితోనూ కాదు. మేం తట్టలు గూళ్ళలో పెట్టి బయటికి వచ్చేశాం. బయట బండ మీద అందరం కూర్చున్నాం. మేస్త్రీ పైకి వెళ్ళి హోంగ్‌కి మాట చెప్పి వచ్చాడు. పైగదిలో దీపం అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది.

పెదనాన్న బయటికి రాలేదు. తలుపు లోపల నుంచి మూసుకున్నాడు. కాసేపటికి చప్పుడు మొదలైంది. తట్టలో ఆకు తిరిగే చప్పుడు పెంకుల మీద సన్నటి వానలా ఉంటుంది. అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అలవాటు పడ్డ చేతులు, ఒకటి రెండు తట్టలు ఊపి ఆపేస్తాడు అన్నాను. ఆ తట్టలన్నీ నలుగురు మనుషుల పని. ఒక్కడు ఎంతసేపని.

ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఆగి, మళ్ళీ. మధ్యలో దగ్గు.

చలికి దగ్గరగా జరిగి కూర్చున్నాం. నేను వాళ్ళకి కరపత్రంలోంచి గుర్తున్నంత చెప్పాను.

తెలవారబోతుండగా చప్పుడు ఆగింది. ఆగి, ఇక మొదలవలేదు. "ఆయన కూడా మనతో చేరాడు" అన్నాను. లేచి నిలబడి చెప్పాను. వాళ్ళు నవ్వారు, ఒకడు నా భుజం తట్టాడు. నా జన్మలో అంత సంతోషం నాకు తెలియదు. ఇది రాయాలి, నిజం కాబట్టి రాయాలి.

అంతలోనే హోంగ్ దిగి వచ్చాడు, చెప్పులు కూడా లేవు. ఒప్పుకుంటున్నాను అన్నాడు. ఒక రాత్రి దేమావ్, ఒక రాత్రి ఇంకొకరు, జబ్బు చేసినవాళ్ళకి రాత్రిపని లేదు. అందరి ముందూ అన్నాడు. మేస్త్రీ ప్రతిమాటా మళ్ళీ అనిపించాడు.

అప్పుడు తలుపు తోశాం. ముందు వాసన వచ్చింది. పండిన పండు వాసన, గదిలోంచి మా మీద పడ్డట్టు. పెదనాన్న గూళ్ళకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తట్ట. గడ్డం, రొమ్ము, అంతా రక్తం. తట్టలో చుక్క లేదు. మొహం పక్కకి తిప్పుకుని ఉన్నాడు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. మాట రాలేదు. నేను ఎత్తబోతే చేత్తో నన్ను తోశాడు, తట్టల వైపు చూపించాడు. బాణలి వైపు చూపించాడు. మళ్ళీ తోశాడు. గువాన్‌ఫూ ఏడుస్తూ పరిగెత్తి, బాణలి కింద బూడిద కప్పిన నిప్పు ఎగదోశాడు. మేం గెలిచిన ఆకు మేమే వేయించాం.

మే 16

కౌంటీ పట్నం నుంచి వైద్యుడు వచ్చాడు. నాడి చూసి చేతులు కడుక్కున్నాడు. ఇది ఎప్పటి జబ్బో, ఈ ఏడు గడిచేది కాదు అన్నాడు. ఎప్పటిదో. రాసి పెట్టుకుంటున్నాను. ఈ ఏడు గడిచేది కాదు.

పెదనాన్న చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని పడుకున్నాడు. కడగబోతే ఇవ్వడం లేదు.

మే 17

పోయాడు. మధ్యాహ్నం.

మే 19

వాగుకి పైన, ఎండ పడే చోట పెట్టాం. మా ఊరివాళ్ళ సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి.

ఆయన షావుకారు కోసం చచ్చాడు. పుట్టినప్పటి నుంచీ వంగిన వీపు నిటారుగా నిలబడమంటే నిలబడలేకపోయింది. బానిసతనం ఒంట్లో ఇంకిపోతే ఇలాగే ఉంటుంది. నా కోపం ఆయన మీద కాదు, ఆయన్ని అలా చేసినవాళ్ళ మీద.

కాదు, ఆయన మీదే. మానండి అన్నాడు. విన్నానుగా అన్నాడు. నేను ఒప్పుకున్నాడనుకునేలా అన్నాడు.

ఆ గుప్పెడు ఆకు మొహానికి ఆనించుకున్నప్పుడు ఆయన మొహంలో షావుకారు లేడు. హోంగ్ లేడు. నేనూ లేను.

మే 20

మేస్త్రీ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. గుంపులో నా మీద ఒక మాట తిరుగుతోందట: కొండ తెరిచిన రోజు పింగ్ నోరు విప్పాడు, అది కూడా దేమావ్‌ని చూసి అన్నాడు, కొండ ఆయన్నే తీసుకుంది అని.

నేను అరిచాను. నోటికి వచ్చిందల్లా అన్నాను. ఊపిరితిత్తులు చెడిపోయి మనిషి పోతే రాతిగుట్టకి అంటగడతారా అన్నాను. మేస్త్రీ నన్ను అరవనిచ్చాడు. చుట్ట పూర్తిగా కాలేదాకా అరవనిచ్చాడు.

తరవాత అన్నాడు: "మాట వల్ల పోయాడనే అనుకోనియ్యరా. ఆ రాత్రి వల్ల పోయాడనుకుంటే బండ మీద కూర్చున్న ప్రతివాడూ మోయాలి. మాటైతే మోసేది నువ్వొక్కడివి, కుర్రాడివి. తాతకి మొక్కి తప్పయిందంటే తీరిపోతుంది."

ఈ రాత్రి ఇంతసేపూ ఆలోచించాను. మూఢనమ్మకానికి తల వంచనని ప్రమాణం చేసుకున్నవాణ్ణి. కానీ ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒకచోట పట్టుబడ్డాను. అది నిజమైతే బాగుండునని ఉంది నాకు. కూర్చో పెదనాన్నా అన్నందుకు ఆయన పోయి ఉంటే బాగుండునని.

మే 21

మొక్కాను. నుదురు నేలకి ఆనించి. అందరూ చూశారు. ఇవాళ మేస్త్రీ నాకు పొగాకు పెట్టాడు. అన్నం దగ్గర జరిగి నాకు చోటిచ్చారు.

మే 24

గువాన్‌ఫూ సారా తాగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండురోజులుగా నాతో మాట్లాడటం లేదు. మొక్కినందుకేమో అనుకున్నాను.

"వాళ్ళకి మాట సరిపోతుందిరా పంతులూ. నాకు సరిపోదు" అన్నాడు. "నేను లేచాను. నువ్వు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టావు."

నిజమే. అది ముందు రాయలేదు. వరసలో ఎక్కడ వస్తుందో తోచలేదు. లోపల చాలాసేపు దగ్గిన తరవాత వాడు లేచాడు, ఊరికే చూసొస్తాను, తట్ట ముట్టుకోను అన్నాడు. నేను మణికట్టు పట్టుకున్నాను. తలుపు తెరుచుకుంటే హోంగ్ పై నుంచి చూస్తాడు, మనం విడిపోయాం అనుకుంటాడు, ఇంకొంచెంసేపు అన్నాను. వాడు కూర్చున్నాడు. వాడిది నాకంటే బలమైన చెయ్యి, విడిపించుకోవచ్చు. విడిపించుకోలేదు.

"ఆకు వచ్చేసింది, చూశావుగా. బాణలిలో వెయ్యగానే తెలిసింది నాకు. ఒక్క క్షణం ఇటూ అటూ లేదు. ఆకు వచ్చేదాకా ఊపాడంటే, వచ్చాక ఆపాడంటే" అని ఆగి, మొహం తుడుచుకుని, "మరి కేక వేసి ఉంటాడుగా. వేశాడా? నువ్వు తలుపుకి దగ్గరగా ఉన్నావు" అన్నాడు.

వినలేదు అన్నాను.

నేను మాట్లాడుతున్నాను అప్పుడు. కరపత్రంలోది చెబుతున్నాను. గొంతు పెద్దది చేసి.

మే 25

వినలేదు.

మే 27

ఊపే గదికి కొత్త మనిషి వచ్చాడు. మేస్త్రీ బంధువు. ఒక రాత్రి అతను, ఒక రాత్రి వేరొకరు. హోంగ్ మాట నిలబెట్టుకున్నాడు. నిన్న ఒకడికి జ్వరం వస్తే రాత్రిపని తప్పించారు. వాడు నా దగ్గరికి వచ్చి దండం పెట్టాడు.

జూన్ 12

చాలా రోజులు రాయలేదు. కాడలు ఏరడం, బొగ్గుల మీద సన్నసెగకి గంపలు పెట్టి రాత్రీ పగలూ తిప్పడం, ఇదే పని. నిప్పు మీద బూడిద పలచగా కప్పి, అరచేతి వెనకవైపు గంపకి ఆనించి వేడి చూస్తారు. నాకూ నేర్పుతున్నారు.

ఇవాళ హోంగ్ పిలిచాడు. ఆ రాత్రి ఆకు విడిగా ఉంచాడు, దాని రుచి చూడమన్నాడు. మళ్ళీ అదే కూజా, అవే గిన్నెలు. ఈసారి మూత ఇస్తే తీసుకున్నాను. మొదట కాలిన బొగ్గు, దాని వెనకాల ఆ పండు, ఇంకా వెనకాల ఏదో తడి రాతి వాసన. మింగాక గొంతులోంచి తిరిగి పైకి వచ్చింది, తియ్యగా, చాలాసేపు. నేను వద్దనుకున్నా వస్తూనే ఉంది.

హోంగ్ మూడోసారి పోసి, తన గిన్నె తాగకుండా పెట్టి, ఇరవై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదు అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ మనిషిని ద్వేషించడం నాకు తేలిక కావాలి. కావడం లేదు. అందుకు కూడా ఆయన మీద కోపంగా ఉంది.

వస్తుంటే ఒక పొట్లం చేతిలో పెట్టాడు, దేమావ్ ఇంటావిడకి ఇమ్మని.

జూన్ 20

రేపు బయలుదేరతాం. గువాన్‌ఫూ ఇక్కడే ఉండిపోతాడట, వేరే తోటలో. నాతో కనుమ దాటడం ఇష్టం లేదని చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

జూన్ 24, ఇల్లు

పెద్దమ్మకి కబురు ముందే అందింది. ఏడ్చేది ఏడ్చేసి ఉంది. నన్ను చూసి ముందు అన్నం పెట్టింది. తిన్నాక ఎదురుగా కూర్చుంది.

దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను, ఉన్నది ఉన్నట్టు చెప్తానని. గుంపు లేదు, మేస్త్రీ లేడు, తాత బొమ్మ లేదు, ఇక్కడ చెప్పాలి అనుకున్నాను.

"రాత్రిళ్ళు పడుకోబెట్టావా రా?" అంది.

ఆవిడ వేరే ఏం అడిగినా చెప్పేవాణ్ణి. ఎలా పోయాడు అని అడిగినా చెప్పేవాణ్ణి.

"ఆయన్ని పడుకోబెట్టాలనే అందరం పని ఆపేశాం పెద్దమ్మా" అన్నాను. అది నిజమే. "గుమాస్తా ఒప్పుకున్నాడు." అదీ నిజమే. "ఆ రాత్రి ఆయన గదిలోనే ఉన్నాడు, మేం ఎవరం వెళ్ళి కదపలేదు." అదీ నిజమే.

"అయితే పడుకున్నాడన్నమాట" అంది.

తల ఊపాను.

ఆవిడ చాలాసేపు నా తల నిమిరింది. ఏటా ఇంటికొచ్చాక కూడా ఆయన చేతులు నిద్రలో తట్ట తిప్పేవట. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని పడుకునేదట, ఆగేదాకా.

జూన్ 25

పొద్దున్నే లేచేసరికి వాకిలి నిండా మనుషులు. పెద్దమ్మ తెల్లవారకముందే వీధంతా చెప్పి వచ్చింది. మా పింగ్ కొండ మీద అందరిచేతా పని మాన్పించాడు, వాళ్ళ పెదనాన్న కంటినిండా నిద్రపోవాలని, షావుకారు మనిషి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి ఒప్పుకున్నాడు అని. చెప్పుల్లేకుండా అన్నది నేనే చెప్పానా. చెప్పి ఉంటాను.

పొట్లం విప్పింది. ఇంట్లో కూజా లేదు, గిన్నెలు లేవు. అన్నం కుండలో నీళ్ళు కాచి అంతా ఒకేసారి పోసేసింది. అన్నం చిప్పల్లో పంచింది. ఏళ్ళ తరబడి ఆయన చేసిన టీ ఈ వీధిలో ఎవరూ ఎప్పుడూ తాగలేదు. ఒక ముసలాయన, చేదుగా ఉందే అన్నాడు. మా పసుపు రేకులే నయం అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా కాస్త నవ్వింది. అయినా ఒక్క చుక్క ఎవరూ ఒలకబోయలేదు.

మొదటి చిప్ప నాకే ఇచ్చింది, పెద్దవాళ్ళందరి ముందూ. తాగాను.

అప్పుడు పక్కింటి పిల్లల తండ్రి, కూలికి పోయేవాడే, ముందుకి వచ్చి కూర్చుని, "ఎలా ఆపించావో చెప్పరా, మాకూ పనికొస్తుంది" అన్నాడు. అతని మొహంలో ఆశ ఉంది. కరపత్రం మొదటిసారి చదివినప్పుడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

చెప్పాను. ఉత్తరపు గాలి దగ్గర మొదలుపెట్టి, బండ మీద కూర్చోవడం, పైన దీపం, లోపల పెదనాన్న నిశ్శబ్దంగా నిద్రపోవడం, తెల్లవారుతుండగా హోంగ్ దిగి రావడం. మధ్యలో ఎవరో అబ్బా అన్నారు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం పై వీధివాళ్ళు వచ్చారు. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. పొద్దుటి కంటే బాగా వచ్చింది.